కర్రీ పాయింట్ గార్డేనా?

బాగా షాట్లు వేసేవాడికి బంతి నడిపే పని అప్పజెప్పొచ్చా అని ఎవరైనా వాదన మొదలెడితే నాకు డేవిడ్‌సన్ కాలేజీ రోజుల స్టెఫెన్ కర్రీయే గుర్తొస్తాడు.

2007-08లో అతను షూటింగ్ గార్డు. పాయింట్ గార్డు జేసన్ రిచర్డ్స్, ఆ ఏడాది అసిస్టుల్లో దేశంలోనే మొదటివాడు. 2008 మార్చిలో కాన్సస్‌తో ఆట. ఆఖరి క్షణాలు, 59-57తో వెనకబడున్నారు. బంతి కర్రీ చేతిలో ఉంది, ఇద్దరు మీద పడ్డారు. తను వెయ్యకుండా రిచర్డ్స్‌కి అందించాడు. అది తప్పింది, ఆటా పోయింది. "నువ్వే వెయ్యొచ్చు కదరా బాబూ" అనుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

రిచర్డ్స్ వెళ్ళిపోయాక 2008-09లో ఆ పని కర్రీ నెత్తినే పడింది. ఆటకి 28.6 పాయింట్లు, 5.6 అసిస్టులు. అంతకుముందు ఏడు అసిస్టులు మూడు కూడా లేవు. ఏమాటకామాటే, బంతి పోగొట్టుకోవడమూ పెరిగింది, జట్టుకి ఎన్‌సీఏఏ టోర్నమెంటులో చోటూ దక్కలేదు. (బాగా కోడు రాసేవాణ్ణి లీడ్‌ని చేసి, ఇప్పుడు కోడు రాయట్లేదేమని అడిగే మేనేజర్లు మనకి తెలియనివాళ్ళా!)

నా మటుకు నాకు అసలు పరీక్ష 2008 నవంబర్లో లయోలాతో ఆట. వాళ్ళు ఆటంతా ఇద్దర్ని అతనికే కాపలా పెట్టారు. కర్రీ పోయి మూలన నిలబడ్డాడు. మిగిలిన నలుగురికి ఎదురు ముగ్గురే. అతనికి సున్నా పాయింట్లు, డేవిడ్‌సన్‌కి 78-48 గెలుపు. అంత పాయింట్ల ఆకలి ఉన్నవాడు అలా నిలబడగలిగాడంటే ఇంకేం కావాలి?

2009 డ్రాఫ్టులో మిన్నెసోటా 5, 6 స్థానాల్లో రికీ రూబియో, జానీ ఫ్లిన్ అని ఇద్దరు పాయింట్ గార్డుల్ని తీసుకుని ఇతన్ని వదిలేసింది. ఏడో స్థానంలో గోల్డెన్ స్టేట్ పట్టుకుపోయింది.

ఆ కాన్సస్ పాస్ ఇప్పుడు చూస్తే తప్పనిపించదు. రిచర్డ్స్ ఇంకో రెండడుగులు దగ్గరగా ఉండుంటే బావుండేదనిపిస్తుంది, అంతే.