పల్నాటి పాతాళం

దేవతల కోసం యుద్ధం చేసి అలసిపోయిన రాజు నిద్రపోయిన చోటు అది. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు నడిచి వెళ్లిపోయిన చోటూ అదే. పల్నాడు జిల్లాలోని గుత్తికొండ బిలానికి ఒకసారి వెళ్లొద్దాం రండి!

పిడుగురాళ్ల దగ్గరికొచ్చేసరికి రోడ్డు పక్కన సున్నం బట్టీలు కనిపించాయి. పొగ, మంట, తెల్లటి దుమ్ము. వెనక సీట్లో కూర్చున్న మా అక్క కొడుకు ఫోన్‌లోంచి తలెత్తి చూశాడు.

''మావయ్యా, అచ్చం గెహెన్నాలా ఉంది'' అన్నాడు.

అదేమిటంటే పెద్ద కథే చెప్పాడు. 1974లో అమెరికాలో పుట్టిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటలో గెహెన్నా ఒక నరకమట. శూన్యంలో వేలాడే నాలుగు అగ్నిపర్వతాలే ఆ లోకం. దాన్ని ఏలేది యుగొలాత్‌లనే దెయ్యాలు. వాటికి పాపులను శిక్షించాలన్న పట్టింపేమీ లేదు. రెండు జాతుల రాక్షసుల మధ్య యుగయుగాలుగా యుద్ధం జరుగుతుంటే, ఎవరు డబ్బిస్తే వారి తరఫున పోరాడటమే వాటి పని. కిరాయి దెయ్యాలన్నమాట!

పేరు మాత్రం ఆటవాళ్లు కల్పించింది కాదు. జెరూసలేం పక్కన హిన్నోము లోయ నేటికీ ఉంది. అక్కడ పిల్లలను అగ్నికి బలిచ్చారని బైబిలు పాత నిబంధన చెబుతుంది. ఆ లోయ పేరే గ్రీకులో గెహెన్నా అయింది. మన ఊళ్లలో ముస్లింలు నరకాన్ని 'జహన్నుమ్' అంటారు కదా, అదీ ఆ మాటకు చుట్టమే. అంటే ఆ నరకం మొదట మనుషులు తిరిగిన నేల. అక్కడ జరిగిన ఘోరమే దానికి ఆ పేరు తెచ్చింది.

మన నరకం వేరు. 'యమగోల' (1977) నుంచి 'యమదొంగ' (2007) దాకా సినిమాల్లో చూసిందే... యముడు, చిత్రగుప్తుడు, చిట్టాపద్దులు. ఎంత నవ్వించినా అది న్యాయస్థానమే. తప్పుకు లెక్క ఉంటుంది, లెక్కకు శిక్ష ఉంటుంది. పాతాళం మళ్లీ వేరు. అతలం మొదలు ఏడు అధోలోకాల్లో అది అడుగున ఉండేది. అక్కడ తిరిగొచ్చిన నారదుడు 'స్వర్గం కన్నా బాగుంది' అన్నాడని విష్ణు పురాణం చెబుతుంది. మరి కూలికి యుద్ధం చేసే లోకం మనకు లేదా? ఆ ప్రశ్నతోనే బిలం చేరాం.

చీకట్లో మల్లయ్య

గుత్తికొండ ఊరు దాటి అడవిలోకి వెళ్తే కొండలో బిలం. మెట్లు దిగుతుంటే నాలుగు అడుగుల్లోనే ఎండ వెనకబడిపోతుంది. లోపల నీటి మడుగు. చీకట్లో కొలువైన శివుణ్ని ఇక్కడివాళ్లు 'చీకటి మల్లయ్య' అని పిలుచుకుంటారు. తొలి ఏకాదశికి జనం తండోపతండాలుగా వస్తారు.

పల్నాడు నేల నిండా సున్నపురాయే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాన నీరు కాస్త ఆమ్లంగా మారి, బీటల్లోకి దిగి రాయిని కరిగిస్తుంది. వేల ఏళ్లు గడిచేసరికి బీట సొరంగమవుతుంది. ఇలాంటి నేలల్లో గుహలు పుట్టే తీరు ఇది. పైన బట్టీల్లో నిప్పు కాల్చేదీ, కింద నీళ్లు తొలిచేదీ ఆ రాయినే!

ఇక పురాణానికొస్తే... ముచుకుందుడు ఇక్ష్వాకు వంశపు రాజు. రాక్షసులతో వేగలేక దేవతలు అతణ్ని సాయం అడిగారు. వెళ్లాడు. కుమారస్వామి సేనాపతిగా వచ్చేదాకా ఏళ్ల తరబడి వాళ్ల కోసం పోరాడాడు. అప్పుడు దేవతలు ఏమన్నారో తెలుసా? 'నీ భార్యాబిడ్డలూ, బంధువులూ, మంత్రులూ ఎవరూ మిగల్లేదు. కాలం తీసుకుపోయింది. మోక్షం తప్ప ఏదైనా కోరుకో' అన్నారు. అతను కోరుకున్నది నిద్ర!

ఆ నిద్రను చెడగొట్టినవాడు కాలయవనుడు. జరాసంధుడి పగ తీర్చడానికి కృష్ణుడి మీదికి వచ్చాడని హరివంశం అంటుంది. అతనిదీ ఇంకొకరి యుద్ధమే. ఆయుధం లేకుండా పరుగెత్తిన కృష్ణుణ్ని తరుముతూ గుహలో దూరి, పడుకున్నది కృష్ణుడే అనుకుని తన్నాడు. ముచుకుందుడు కళ్లు తెరవగానే బూడిదయ్యాడు. ఆ గుహ ఇదేనని పల్నాటివారి నమ్మకం. గుజరాత్‌లో గిర్నార్, రాజస్థాన్‌లో ధోల్‌పూర్ వాళ్లూ ఈ కథను తమదిగానే చెప్పుకుంటారు.

''అయితే ముచుకుందుడు కూడా కిరాయి సైనికుడేనా మావయ్యా?'' అన్నాడు మావాడు.

కాదనబోయి ఆగాను. డబ్బు కోసం వెళ్లలేదు, నిజమే. కానీ ఇంకొకరి యుద్ధానికి వెళ్లినవాడికి ఇంటి దగ్గర ఏం మిగిలిందో ఆ కథ దాచలేదు కదా!

నాగులేటి ఒడ్డున

12వ శతాబ్దిలో ఈ చుట్టుపక్కలే మరో యుద్ధం జరిగింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే. అటు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్లు వలస పోయారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు. చివరికి కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం. పొరుగు రాజుల సేనలూ వచ్చి చేరాయంటారు. అన్నదమ్ముల తగవు తీర్చడానికి ఎక్కడెక్కడి బిడ్డలో వచ్చి ఇక్కడ ఒరిగారు. నరకం ఎక్కడుందని అడిగితే ఆ రోజున నాగులేరు చూపిస్తే సరిపోయేది.

బాలచంద్రుడు పోయాడు. కన్నమదాసు పోయాడు. అంతా అయ్యాక రాజ్యాన్ని నలగాముడికే వదిలి బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. మరి ఎవరు గెలిచినట్టు? ఈ అంతఃకలహంతో బలహీనపడిన సీమ తర్వాత కాకతీయుల వశమైందని చరిత్రకారులంటారు.

శ్రీనాథుడు ఆ కథను కావ్యం చేశాడు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించారు. అంతకన్నా ముందు నుంచీ దాన్ని గొంతులో మోస్తున్నవాళ్లు వీరవిద్యావంతులు. వాళ్ల పాట విని జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు రాసిన పుస్తకం 1982లో వెలువడింది.

చాప మీద కూడు

ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో ఆ యుద్ధాన్ని మళ్లీ తలచుకుంటారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... అయిదు రోజుల తిరునాళ్ల. వీరుల ఆయుధాలైన కొణతాలను ఊరేగిస్తారు. మూడో రోజు మందపోరుకు చాపకూడు. కులం అడగకుండా అందరూ చాపల మీద కలిసి తింటారు. ఇది బ్రహ్మనాయుడు పెట్టిన ఆచారమని చెబుతారు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చూసుకున్న మనిషి ఆయన.

యుద్ధంలో ఎవరు గెలిచారన్నది ఊరు ఎప్పుడో పక్కన పెట్టింది. కలిసి తిన్న కూడును మాత్రం విడిచిపెట్టలేదు.

అంత తెలిసిన నేల మీద కూడా పగలు చల్లారవు. 2024 మే ఎన్నికల్లో మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో దాడులు జరిగి 144 సెక్షన్ పెట్టాల్సివచ్చింది. అలాంటప్పుడు కర్ర పట్టుకుని ముందు నిలిచేదీ, ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగేదీ తగవు ఎవరిదో వాళ్లు కాదు. వాళ్ల వెనక నడిచిన కుర్రాళ్లు.

తిరుగు ప్రయాణంలో మావాడు చాలాసేపు ఫోన్ తీయలేదు. బట్టీలు మళ్లీ కనబడ్డాయి.

''ముచుకుందుడు ఆ యుద్ధానికి వెళ్లకపోతే ఏమయ్యేది?'' అన్నాడు.

''ఇంటి దగ్గర పిల్లలతో కలిసి అన్నం తినేవాడురా'' అన్నాను.

వెళ్లాలంటే...

పిడుగురాళ్లకు గుంటూరు, నరసరావుపేట, మాచర్ల వైపుల నుంచి బస్సులున్నాయి, రైలు స్టేషనూ ఉంది. అక్కడి నుంచి గుత్తికొండకు సొంత వాహనమైతే మేలు. టార్చిలైటు తప్పనిసరి. మెట్లు తడిగా ఉంటాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. తెలిసినవాళ్లు తోడు లేకుండా పక్క సొరంగాల్లోకి వెళ్లకండి. కార్తీక అమావాస్య రోజుల్లో వెళ్తే కారెంపూడి వీరుల గుడినీ, చాపకూడునూ కూడా చూసి రావచ్చు.