సూర్యుని పురిత్రాళ్లు

గోదావరి పాయలలో ఒకటియైన వైనతేయ సముద్రమును చేరుచోట, కోనసీమలో, ఓడలరేవు అను గ్రామము కలదు. ఒకనాటి వేకువను అచ్చటి యిసుకతిన్నెపై ఒక వృద్ధ జాలరి కూర్చుండి కొబ్బరిపీచుతో త్రాడు పేనుచుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడు ప్రక్కనుండి పీచు అందించుచుండెను. బాలుని తండ్రి రాత్రి వేటకు పోయి యింకను తిరిగి రాలేదు. ఇద్దరి చూపులును మాటిమాటికి సముద్రముపైకి పోవుచుండెను. ఇంతలో నీటి అంచున సూర్యబింబము తోచెను.

“తాతా! సూర్యుని మీద కూడా త్రాళ్లున్నాయట. మా మాష్టారు చెప్పారు” అనెను బాలుడు.

“అక్కడ పేనేవాడెవడురా?” అని వృద్ధుడు నవ్వెను.

బాలుని మాట వింతగా తోచినను అబద్ధము కాదు. సూర్యుని చుట్టును కరోనా అను పలుచని వాయుమండలము కలదు. సూర్యుని ఉపరితలపు వేడిమి సుమారు 5,500 డిగ్రీల సెంటిగ్రేడు కాగా, కరోనా వేడిమి పది లక్షల డిగ్రీలను మించును. పొయ్యికి దూరమైనకొలది వేడి తగ్గుట మనమెఱిగిన ధర్మము. ఇచ్చట అది తలక్రిందులైనది. ఆ వేడికి పరమాణువులనుండి ఎలెక్ట్రానులు విడిపోయి, వాయువు ప్లాస్మా అను స్థితిని పొందును. విద్యుదావేశము గల ఆ కణములు అయస్కాంత బలరేఖలను దాటి యథేచ్ఛగా పోజాలవు. దారమునకు గ్రుచ్చిన పూసలవలె వాని వెంబడినే జారుచుండును.

వేకువను ఆరవేసిన వలను చూడుడు. సన్నని దారము దూరమునకు కనబడదు. దానిపై నిలిచిన మంచుబిందువుల వరుసయే దాని జాడను తెలుపును. అట్లే కంటికి కానరాని బలరేఖలను వెలుగుచున్న ప్లాస్మా చూపించును. సూర్యునిపై ఒకచోట పైకి లేచి, విల్లువలె వంగి, మరియొకచోట దిగు ఆ వెలుగు తోరణములే బాలుడు చెప్పిన త్రాళ్లు. వానిలో పెద్దవాని క్రింద మన భూగోళములు పెక్కు ఇముడును.

ఇంత గొప్పవి మానవులకు చిరకాలము కనబడకపోవుటకు కారణమేమి? సూర్యుని కాంతియే వానిని కప్పివేయుచున్నది. ఆ కాంతికి చంద్రుడు అడ్డుపడు సంపూర్ణ గ్రహణసమయమున మాత్రమే కరోనా మామూలు కంటికి తోచును. అట్టి గ్రహణమొకటి 1868 ఆగస్టు 18వ తేదీన తెలుగుదేశముపై పడెను. ఓడలరేవునుండి తీరము వెంబడి నైరృతిగా పోయినచో తగులు మచిలీపట్టణమున మద్రాసు వేధశాలాధికారి పాగ్సన్, గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, వనపర్తిలో చింతామణి రఘునాథాచార్యులు దూరదర్శినులతో కాచియుండిరి. సూర్యుని అంచున లేచిన జ్వాలాశిఖలను జాన్సెన్ వర్ణపటదర్శినితో పరీక్షించి, అవి వెలుగుచున్న వాయువులని కనుగొనెను. వాని కాంతిగీతలు గ్రహణము విడిచిన పిమ్మటను కనబడవలెనని తలంచి, మరునాడు నిండు ఎండలోనే ఆ శిఖలను తిరిగి చూచెను. చీకటికొఱకు కాచియుండనక్కరలేని త్రోవ యొకటి గుంటూరులో దొరకెను.

ఆ శిఖలను పైన నిలిపియుంచునది అయస్కాంతశక్తియే యని తరువాతి కాలమున తేలెను. 1908లో అమెరికా శాస్త్రజ్ఞుడు హేల్ సూర్యునిలోని మచ్చలయందు బలమైన అయస్కాంతశక్తి కలదని నిరూపించెను. 1973లో స్కైలాబ్ అను అంతరిక్షశాలనుండి తీసిన ఎక్సురే చిత్రములలో కరోనాయందలి తోరణములు స్పష్టముగా కనబడెను. వాని పాదములు తఱచుగా మచ్చలుగల తావులయందే నాటుకొనియుండును.

వృద్ధుని ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే కలదు. సూర్యుని ఉపరితలము గట్టినేల కాదు. ఉడుకుచున్న ఎసరువలె ఎల్లప్పుడు పొరలుచుండును. ఆ కదలికయే తోరణముల పాదములను త్రిప్పి పురి పెట్టును. ఆ పురిలో దాగిన శక్తి కరోనాను వేడిచేయుచున్నదని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. పురి కొంతవరకు త్రాటికి బలము. మితిమీరినచో త్రాడు తనపై తానే మెలిపడును. సూర్యునిపై అట్లు మెలిపడిన బలరేఖలు తెగి వేఱొక విధముగా అతుకుకొనునప్పుడు, కూడియున్న శక్తి ఒక్కసారిగా వెలువడును. ఒక్కొక్కప్పుడు వందల కోట్ల టన్నుల ప్లాస్మా ఎగసి, భూమివైపు వచ్చినచో రెండు మూడు దినములలో మనలను చేరును. 1989 మార్చి 13వ తేదీన అట్టి సౌర తుఫానువలన కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున సుమారు తొమ్మిది గంటలు విద్యుత్తు ఆగిపోయెను. ఉపగ్రహములకును, అవి పంపు సంకేతములకును దానివలన చేటు కలుగవచ్చును.

ఉపగ్రహములకు చేటైనచో ఓడలరేవునకేమి? 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను తాకిన పెనుతుఫానులో వేయిమందికి పైగా మరణించిరి. ఆనాడు వేటకు పోయిన ఆ వృద్ధుని అన్న తిరిగి రాలేదు. అతని పడవలో త్రోవ చూపు పరికరము లేదు. నేడు మనుమని తండ్రి పడవలో అది కలదు. ఉపగ్రహముల సంకేతములే దానికి కన్నులు. తుఫానుల కదలికలను ఉపగ్రహములు కనిపెట్టుచున్నవి. చేపలు దొరకు తావులను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ వాని సాయముననే తెలుపుచున్నది. కావున సూర్యునిపై త్రాడు తెగునో నిలుచునో తెలిసికొనుట ఈ యొడ్డున కాచుకొనియుండువారికిని కావలసిన పనియే.

ఆ పనికై 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 ఎగిరెను. 2024 జనవరి 6వ తేదీన భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరెను. అందులోని యొక పరికరము సూర్యబింబమును తానే మరుగుపరచి కరోనాను చూచును. నాడు మచిలీపట్టణమున కొన్ని నిమిషములు మాత్రమే నిలిచిన గ్రహణము వంటిదానిని అది తనవెంట కొనిపోయినది.

బాలుడు తనకు తెలిసినంత చెప్పెను. వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, చేతిలోని త్రాటిని చూచెను. మాటలలో పడి పురి యెక్కువగుటచే అది యొకచోట మెలిపడియుండెను. దానిని మెల్లగా సడలించి, రెండు చేతులతో లాగి చూచి, “తెగకముందే చూసుకోవాలిరా. సముద్రం మీద తెగితే అతికేవాడుండడు” అనెను.

అప్పటికి ఎండ తీవ్రమై సూర్యునివైపు చూడ వీలులేకపోయెను. దూరమున అలల నడుమ పడవ యొకటి కనబడెను. బాలుడు పేనిన త్రాటిని భుజమున వేసికొని నీటివైపు పరుగెత్తెను.