ఇద్దరుంటేనే ఆట

జపానులోని క్యోటో నగరం నుంచి దక్షిణంగా, నారా దిశగా సాగే కింటెత్సు రైలుమార్గం మీద ఒగురా అనే చిన్న స్టేషను ఉన్నది. అక్కడ దిగిన యాత్రికునికి కళ్ళు చెదిరే దృశ్యమేదీ స్వాగతం పలకదు. ఇళ్ళు, చిన్న దుకాణాలు, సైకిళ్ళు. ఏ నగరపు శివారైనా ఇట్లాగే ఉంటుంది. ఇది ఉజి నగరంలోని భాగం. ఉజి అనగానే జపానీయులకు తరతరాలుగా రెండు సంగతులు స్ఫురిస్తాయి. ఒకటి అక్కడి పచ్చ తేయాకు. రెండవది 1053లో వెలసిన బ్యోదోయిన్ ఆలయపు ఫీనిక్స్ మందిరం. వెయ్యేళ్ళ కిందట మురసాకి షికిబు అనే విదుషీమణి రచించిన 'గెంజి గాథ'లో చివరి పది అధ్యాయాలూ ఈ ఊరి పేరుతోనే ప్రసిద్ధం. ఈ పురాతన కీర్తికి 2024 అక్టోబరు 2న ఒక కొత్త కారణం తోడైంది. ఆనాడు నింటెండో సంస్థ తన పాత కర్మాగారాన్ని మ్యూజియంగా మార్చి సందర్శకులకు తలుపులు తెరిచింది.

స్టేషను నుంచి అయిదారు నిమిషాల నడక. ఆ కర్మాగారం 1969లో కట్టినది. మొదట అక్కడ పేకముక్కలు తయారయ్యేవి. తరువాతి కాలంలో, పాడైపోయిన ఆటయంత్రాలు దేశం నలుమూలల నుంచి మరమ్మతుకు అక్కడికి చేరేవి. పిల్లల చేతుల్లో నలిగి, మీటలు అరిగి వచ్చిన యంత్రాలు బాగుపడి తిరిగి తమ ఇళ్ళకు వెళ్ళేవి. ఇప్పుడు యంత్రాలకు బదులు ఆ పిల్లలే, పెద్దవారై, తమ పిల్లలను వెంటబెట్టుకుని వస్తున్నారు. ద్వారం దగ్గరకు పోయి టిక్కెట్టు కొనుక్కునే వీలు లేదు. ముందుగానే, సాధారణంగా లాటరీ పద్ధతిలో, రోజూ వేళా నిర్ణయించుకుని రావలసిందే.

ఈ సంస్థ పుట్టుక ఇంతకన్నా పాతది. 1889లో ఫుసాజిరో యమౌచి అనే వ్యాపారి క్యోటోలో హనాఫుడా అనే పూలబొమ్మల పేకముక్కలు తయారుచేసి అమ్మసాగాడు. నెలకొక పువ్వు, పువ్వుకు నాలుగు ముక్కలు. పన్నెండు నెలలకు మొత్తం నలభై ఎనిమిది ముక్కలు. 1930లో కట్టిన సంస్థ పాత కార్యాలయ భవనం క్యోటోలో కామో నదికి సమీపంలో నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నది. 2022 నుంచి అది హోటలుగా నడుస్తున్నది. హనాఫుడా ముక్కలు ఎంత అందమైనవైనా, ఎదుట మరొకరు కూర్చుంటేగాని వాటికి ప్రాణం రాదు. తెలుగువారి ఇళ్ళలో పచ్చీసు కూడా అటువంటిదే. అందులో ఎదురెదురుగా కూర్చున్నవారు ఒక జట్టు. తన కాయ పండించుకుంటే చాలదు, జతగాని కాయలూ పండాలి. ఆట అంటే పక్కన మరొక మనిషి ఉండడమేనన్న ఈ పాత అర్థం యంత్రాల కాలంలో నిలిచిందా, పోయిందా? ఉజి మ్యూజియంలో తిరిగేవారికి ఈ ప్రశ్నకు సమాధానం వస్తురూపంలో కనిపిస్తుంది.

మేడ మీది విశాలమైన ప్రదర్శనశాలలో నింటెండో చేసిన ఆటవస్తువులు అద్దాల బీరువాలలో కొలువుతీరి ఉన్నాయి. ఫోటోలు తీయడం అక్కడ నిషిద్ధం. వివరణ ఫలకాలు కూడా దాదాపుగా లేవు. దీనివల్ల ఒక చిత్రమైన ఫలితం కలిగింది. ఇతర మ్యూజియములలో సందర్శకులు మౌనంగా ఫలకాలు చదువుతూ పోతారు. ఇక్కడ చదవడానికి ఏమీ లేనందున మాట్లాడుకోక తప్పదు. తెలిసినవారు తెలియనివారికి చెప్పాలి. నలభై దాటిన తండ్రి అద్దానికి వేలు ఆనించి, ఈ యంత్రం కొన్నప్పుడు తనకెన్నేళ్ళో, దానిమీద తనతో ఎవరు ఆడేవారో కొడుక్కి చెబుతాడు. ఏ ఫలకం మీదా చోటు దొరకని చరిత్ర అది.

ఆ బీరువాలలో ఎక్కువమంది ఆగి చూసే వస్తువు ఎరుపు, తెలుపు రంగుల చిన్న పెట్టె. దాని పేరు ఫ్యామికామ్. 'ఫ్యామిలీ కంప్యూటర్' అన్న పేరుకు జపానీయులు పెట్టుకున్న ముద్దుపేరు అది. 1983 జూలై 15న, 14,800 యెన్ల ధరకు అది విపణిలోకి వచ్చింది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. తరువాత క్యోటోలోని రిత్సుమెయికాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 2021లో కన్నుమూశాడు. పెట్టెకు రెండు పక్కలా రెండు మీటల పలకలు ఒదిగి ఉంటాయి. అవి విడిగా కొనుక్కోవలసినవి కావు, ఊడదీయదగినవీ కావు. వాటి తీగలు పెట్టెలోనే బిగించి ఉన్నాయి. అంటే యంత్రాన్ని కొన్న ప్రతి ఇంటికీ రెండవ ఆటగాని స్థానం కూడా దానితోపాటే వచ్చింది.

ఆ రెండు పలకలూ ఒక్కలాంటివి కావు. ఆటను మొదలుపెట్టే మీట మొదటిదానికే ఉన్నది. రెండవదానికి అది లేదు. బదులుగా ఒక చిన్న మైక్రోఫోను ఉన్నది. మొదటి పలక సహజంగానే అన్నది, రెండవది తమ్మునిది లేదా చెల్లెలిది. చిన్నవారికి ఆట ప్రారంభించే అధికారం లేదు గాని, అరిచే హక్కు మాత్రం ఉన్నది! ఏ దేశంలోనైనా తోబుట్టువుల మధ్య ఒప్పందం సుమారుగా ఇదే.

కింది అంతస్తు చూడడానికి కాదు, ఆడడానికి. ప్రవేశించిన ప్రతివారికీ పది నాణేల విలువ వారి కార్డులో జమ అయి ఉంటుంది. ఒక్కొక్క ఆటకు కొన్ని నాణేల చొప్పున తరిగిపోతాయి. అన్నీ ఆడడానికి పది చాలవు కనుక ఏది ఆడాలో ఎంచుకోవాలి. వాటిలో రెండు ఆటలు ఒంటరిగా వచ్చినవారికి అక్కరకు రావు. మొదటిది 'లవ్ టెస్టర్'. గున్‌పెయ్ యొకోయి అనే ఇంజనీరు 1969లో చేసిన ఒక చిలిపి పరికరానికి ఇది కొత్త రూపం. ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని, రెండవ చేతులతో పరికరాన్ని అందుకుంటే, వారి దేహాల గుండా పారే స్వల్ప విద్యుత్తును బట్టి ముల్లు కదిలేది. ప్రేమను కొలిచే శక్తి ఆ ముల్లుకు లేదని అందరికీ తెలుసు. అయినా చేతులు పట్టుకోవడానికి అదొక మంచి నెపం.

రెండవది ఇంకా విశేషమైనది. మనిషి రెండు చేతులు చాచినా అందనంత పెద్ద మీటల పలకలను అక్కడ నిలబెట్టారు. అరచేతిలో ఇమిడే వస్తువు ఇక్కడ మంచమంత అయింది. దానితో ఒక్కరు ఆడడం సాధ్యం కాదు. ఒకరు దిక్కుల మీటను ఒంటి బరువుతో నొక్కితే మారియో పరుగెత్తుతాడు. మరొకరు మరో మీటను నొక్కితే ఎగురుతాడు. అలవాటైన ఆటగానికి ఈ రెండు పనులూ బొటనవేళ్ళు తలచుకోకుండానే చేసిపెడతాయి. ఇక్కడ ఆ రెండు బొటనవేళ్ళూ ఇద్దరు వేర్వేరు మనుషులు. గుంట సమీపించినప్పుడు 'ఎగురు' అని ఒకరు కేక పెట్టాలి. రెండవవారు అరక్షణం ఆలస్యం చేస్తే మారియో గుంటలో పడతాడు. తప్పు పరుగెత్తించినవారిదా, ఎగిరించనివారిదా అన్న వాదం నవ్వులో ముగుస్తుంది. ఇంట్లో ఎంత ఆరితేరిన ఆటగాడైనా ఇక్కడ తన జోడీకన్నా ఒక్క అడుగు ముందుకు పోలేడు.

ఈ పాఠం నింటెండో పాత ఆటలలోనే ఉన్నది. 1985లో వచ్చిన 'ఐస్ క్లైంబర్' ఆటలో ఇద్దరు బాలలు సుత్తులు పట్టుకుని మంచుకొండ ఎక్కుతారు. ముందున్నవారు ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది. వెనుకబడినవారు తెర అడుగున మాయమై ఒక ప్రాణం కోల్పోతారు. వారిని చంపినది శత్రువు కాదు, తోడివాని తొందర. మిత్రుని బ్రతికించుకోవాలంటే శక్తి ఉన్నా ఆగాలి. టైటో సంస్థ 1986లో విడుదల చేసిన 'బబుల్ బాబుల్' మరొక అడుగు ముందుకు వేసింది. అందులో వంద గదులు దాటి ఒంటరిగా గమ్యం చేరినవానికి పూర్తి ఫలం దక్కదు. మిత్రుణ్ణి తీసుకుని మళ్ళీ రమ్మంటుంది ఆట. ఇద్దరూ కలిసి చేరితేనే అసలైన శుభాంతం.

క్యోటోలో పుట్టిన ఆ ఎరుపు తెలుపుల పెట్టె భారతదేశానికి ఎక్కువగా మారుపేర్లతోనే చేరింది. 1990ల దశకంలో 'మీడియా' వంటి పేర్లతో దాని అనుకరణలు నగరాల దుకాణాలలో అమ్ముడయ్యాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలోనూ వేసవి సెలవులు వచ్చాయంటే ఇటువంటి పెట్టె ఉన్న ఇల్లే వీధి పిల్లలందరికీ విడిది. క్యాసెట్టు నోట్లో పెట్టి ఊది, మళ్ళీ పెట్టెలో గుచ్చితే ఆట వస్తుందని ఆ పిల్లలందరి గట్టి నమ్మకం. మధ్యలో కరెంటు పోతే అంతవరకూ గెలిచినదంతా గాలికి పోయేది. మళ్ళీ మొదటినుంచి ఆరంభించాలి. ఈ అనుకరణ పెట్టెలలో మీటల పలకల తీగలు ఊడదీయగలిగినవి కావడంతో, అన్నలకు ఒక కొత్త ఉపాయం తట్టింది. తీగ తగిలించని పలకను తమ్ముని చేతిలో పెట్టి, నువ్వే ఆడుతున్నావని నమ్మించేవారు. తమ్ముడు ఆనందంగా మీటలన్నీ నొక్కేవాడు. మోసం తెలిసిన రోజు ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగేది. అమ్మ తీర్పుతో ఆ తీగ మళ్ళీ తగిలేది.

ఆ ఇళ్ళలో అన్నిటికన్నా ఆదరణ పొందిన జంట ఆటలలో ఒకటి కొనామి సంస్థవారి 'కాంట్రా'. 1987లో వచ్చిన ఈ ఆటలో ఇద్దరు సైనికులు పక్కపక్కనే పోరాడతారు. ఒక్కొక్కరికి మూడే ప్రాణాలు. మీటలను ఒక రహస్య క్రమంలో నొక్కితే అవి ముప్పయి అయ్యేవి. ఎక్కాలు కంఠతా రాని పిల్లలు సైతం ఆ క్రమాన్ని తప్పు లేకుండా అప్పజెప్పేవారు. మూడవ ఘట్టంలో ఒక జలపాతం పక్కన పైకి ఎక్కాలి. మంచుకొండ న్యాయమే అక్కడా: ఒకడు తొందరపడి ఎగబ్రాకితే కిందివాడు తెర అంచున ప్రాణం విడిచేవాడు. 'ఆగరా, నేనింకా రాలేదు' అన్న కేక ఆ వేసవి మధ్యాహ్నాలలో ఎన్ని ఇళ్ళలో వినిపించిందో! ఇంకొక విశేషం, ఒకరి ప్రాణాలన్నీ అయిపోతే జతగాని నిలువలో నుంచి ఒక ప్రాణం తీసుకునే వీలున్నది. అడగకుండా తీసుకున్నందుకు పోట్లాటలు జరిగేవి. అడగకముందే 'తీసుకో' అన్నవాడు ఆ వీధిలో గొప్ప మిత్రుడు. ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో ముప్పయి ఏళ్ళ తరువాత ఎవరికీ జ్ఞాపకం లేదు. ప్రాణం ఇచ్చినవాడు మాత్రం జ్ఞాపకం ఉన్నాడు.

ఇప్పుడు ఆ పిల్లలు ఒక్క వీధిలో లేరు. ఒకరు బెంగుళూరులో, ఒకరు డల్లాస్‌లో, ఒకరు మెల్‌బోర్న్‌లో ఉంటారు. ఆటలూ అందుకు తగినట్లు మారాయి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వేల మైళ్ళ దూరంలోని మిత్రునితో కలిసి ఆడడం నేటి పిల్లలకు సామాన్యం. దీనిని నష్టంగా మాత్రమే లెక్కించడం న్యాయం కాదు. 2020 మార్చి 20న, కరోనా భయంతో దేశాలు తలుపులు మూసుకుంటున్న వేళ, నింటెండో 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' అనే ఆటను విడుదల చేసింది. ఒకరినొకరు కలుసుకోలేని బంధుమిత్రులు అందులోని ఊహాద్వీపాలలో ఒకరింటికి మరొకరు అతిథులుగా వెళ్ళారు. 2021లో స్వీడన్‌కు చెందిన హేజ్‌లైట్ స్టూడియో 'ఇట్ టేక్స్ టూ' అనే ఆటను తెచ్చింది. విడిపోదలచిన భార్యాభర్తలు ఇద్దరూ బొమ్మలుగా మారిపోయి, కలిసి అడ్డంకులు దాటే కథ అది. దానిని ఒంటరిగా ఆడే మార్గమే లేదు. ఒకరు కొంటే దూరాన ఉన్న మిత్రుడు కొనకుండానే తోడు ఆడవచ్చు. ఆ సంవత్సరపు అత్యుత్తమ ఆటగా 'ది గేమ్ అవార్డ్స్' పురస్కారం దానికే దక్కింది. రెండవ ఆటగాని స్థానం మాయం కాలేదు, సముద్రాలు దాటింది.

అయినా దూరపు ఆటలో దొరకనిది ఒకటున్నది. ఫ్యామికామ్ తీగలు పొట్టివి. ఆడేవారు పెట్టెకు దగ్గరగా, ఒకరి మోచేయి మరొకరికి తగిలేటట్లు కూర్చోక తప్పేది కాదు. ఉజిలోని పెద్ద పలకల ముందు జనం బారులు తీరడానికి కారణం బహుశా ఇదే. ఇంట్లో తలుపు వేసుకుని ఆడుకునే పదమూడేళ్ళ కొడుకు, ఆటలంటే విసుక్కునే తల్లి అక్కడ పక్కపక్కన నిలబడతారు. ఆట నియమమే వారిని అట్లా నిలబెడుతుంది. తల్లికి ఏ మీట ఎందుకో తెలియదు. కొడుకు ఓర్పుగా చెప్పాలి. ఆమె నేర్చుకునేవరకు వాడు ఆగాలి. వాడికి నడక నేర్పినప్పుడు ఆమె కూడా అట్లాగే ఆగింది.

సాయంకాలం మ్యూజియం మూసే వేళకు సందర్శకులు ఒగురా స్టేషను దారి పడతారు. కార్డులలోని నాణేలు అయిపోయి ఉంటాయి. క్యోటో రైలు వచ్చేవరకు ప్లాట్‌ఫారం మీద ఒకే వాదం సాగుతుంది: మారియో గుంటలో పడినది ఎవరివల్ల?