25 ఏళ్లకు గోల్, 55 ఏళ్లకు సవరణ

అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో మొట్టమొదటి గోల్ కొట్టిన ఆటగాడు ఎక్కడ పుట్టారో తెలుసా? మన రాజ్‌కోట్‌లో. పేరు విలియం కెన్యన్-స్లేనీ, జననం 1847. తండ్రి బొంబాయి సైన్యంలో అధికారి.

1872లో గ్లాస్గోలో జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్ 0-0తో ముగిసింది. 1873 మార్చి 8న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్‌లో ఇంగ్లండ్ 4-2తో స్కాట్లండ్‌ను ఓడించింది. అందులో తొలి గోల్ ఈయనదే. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు.

నాదీ దాదాపు అదే వయసు. బీటెక్ స్నేహితులు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. మనమేమో ఇంకా నోట్స్ రాసుకుంటున్నాం. ఈ వయసుకే ఏదో ఒకటి తేలిపోవాలన్న భయం మీకూ ఉండే ఉంటుంది.

అందుకే గోల్ దగ్గర ఆగకుండా ముందుకు చదవండి. ఆయన గ్రెనేడియర్ గార్డ్స్ అధికారిగా 1882లో ఈజిప్టు యుద్ధానికి వెళ్లారు. 1886 నుంచి 1908లో చనిపోయేదాకా న్యూపోర్ట్ కన్జర్వేటివ్ ఎంపీ. 1902 విద్యా బిల్లుతో స్థానిక పన్నుల డబ్బు చర్చి బడులకూ అందబోతోంది. మరి అక్కడ మతబోధన ఎవరి అదుపులో ఉండాలి? మతగురువు ఒక్కరి చేతిలో కాదు, బడి మేనేజర్లందరి చేతిలో ఉండాలన్నది ఆయన సవరణ. సొంత పార్టీకి అండగా నిలిచే చర్చి వర్గాలకే కోపం వచ్చింది. అయినా అది చట్టంలో చేరింది, కెన్యన్-స్లేనీ క్లాజ్‌గా పేరుపడింది. అప్పటికి ఆయనకు 55.

దాంతో గొడవ తీరలేదు. చర్చి బడులకు మా డబ్బెందుకని నాన్‌కన్ఫర్మిస్టులు చాలామంది పన్ను కట్టడానికి నిరాకరించారు. పాసివ్ రెసిస్టెన్స్‌కీ సత్యాగ్రహానికీ తేడా చెబుతూ గాంధీజీ తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ పుస్తకంలో ప్రస్తావించినది ఈ ఉద్యమాన్నే.

ఇప్పుడు మన ఆర్టికల్ 28 తీయండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్నచోట విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, అందులో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. ప్రశ్న పాతదే: ప్రజల డబ్బు వెళ్లే బడిలో మాట ఎవరిది చెల్లాలి?

ఈటన్, ఆక్స్‌ఫర్డ్ చదువులు ఆయనకు తెరిచిన తలుపులు మనకు లేవు. కాబట్టి దీన్ని స్ఫూర్తి కథగా చెప్పడం లేదు. గోల్ ఆయనకు పేరు తెచ్చింది, సవరణ ఊరి బడిలో అధికారాన్ని పంచింది. ప్రిలిమ్స్‌కి మొదటిది ఒక బిట్ కావచ్చు. మనం కోరుకుంటున్న ఉద్యోగం మాత్రం రెండో రకం పని. దానికి 25 దాటిందని ఎవరికీ ఆలస్యం కాదు.