పొద్దుగాల పువ్వు

మన ఆడవాళ్ళకు పువ్వు కనిపించగానే ముందు లెక్కలు వస్తాయి. మల్లె అయితే మూరెంత? బంతి అయితే గుమ్మానికి ఎన్ని మూరలు? మందారమైతే దేవుడికి, కనకాంబరమైతే జడకు. ఏ పనికీ రాని దాన్ని "ఊరికే పూస్తుంది" అంటాం, అదేదో తిని కూర్చున్న మనిషయినట్టు!

మా డాబా మీద ఇప్పుడు అలా ఊరికే పూసే తీగ ఒకటుంది. మాల కడదామంటే దారం ముడి పడేలోపే నలిగిపోతుంది. దేవుడికి పెడదామంటే హారతి ఇచ్చేసరికి ముడుచుకుంటుంది. జడలో పెట్టుకుంటే అద్దం ముందునుంచి వీధి గుమ్మం దాకా వచ్చేసరికి వేలాడబడుతుంది. తీగ మీదే ఉంచితే మాత్రం సూర్యోదయానికి ముందే విచ్చుకుని, తొమ్మిదీ పదింటి దాకా నీలంగా, నిండుగా నిలుస్తుంది. ఆ తరువాత అంతే. మర్నాటికి మరో పువ్వు.

పుస్తకాల్లో దీన్ని మార్నింగ్ గ్లోరీ అంటారు. మా మేనత్త పెట్టిన పేరు పొద్దుగాల పువ్వు. మా పెద్దపల్లి వైపు ఉదయాన్ని పొద్దుగాల అంటాం. వృక్షశాస్త్రం వాళ్ళయితే ఐపోమియా అంటారు. అదేదో పరాయి వంశం అనుకోకండి. శివరాత్రి ఉపవాసం విడిచి మనం తినే కందగడ్డది ఆ ఇంటి పేరే. చెరువు నీళ్ళలో పెరిగే తూటికూరది అదే. చెరువుగట్ల వెంబడి ఎవరూ నాటకుండానే అడవిలా పెరిగే లొట్టపీసుదీ అదే. కొబ్బరీకల్లాంటి సన్నని ఆకుల మధ్య ఎర్ర నక్షత్రాల్లా పూసే కాశీరత్నం కూడా వీటి తోబుట్టువే. పెద్ద కుటుంబం. మంచివాళ్ళూ ఉన్నారు, గట్టునపడి తిరిగేవాళ్ళూ ఉన్నారు.

మా మేనత్తను మేమంతా 'అత్తమ్మా' అని పిలిచేవాళ్ళం. 1966లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఒక ట్రంకుపెట్టెతో ఆమె పుట్టింటికి తిరిగి వచ్చిందట. పెళ్ళయి అప్పటికి మూడేళ్ళు. బొట్టు, గాజులు, పూలు, మూడూ ఒక్కరోజే పోయాయి. పిల్లలు లేరు. ఏడాది తిరిగేసరికి నాయనమ్మ చేత ఒక ఉషా కుట్టుమిషను కొనిపించుకుని వరండాలో కూర్చుంది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకు రవికెలన్నీ ఆమే కుట్టేది. పట్టు రవికె కుట్టి, హుక్కులు వేసి, మడత పెట్టి వాళ్ళ చేతికిచ్చి, పెళ్ళికి మాత్రం వెళ్ళేది కాదు.

మొదట్లో ఆమె పెరట్లో మల్లె పాదు వేసిందట. సాయంత్రం నీళ్ళు పోస్తూంటే పక్కింటావిడ గోడమీదుగా తొంగిచూసి, "ఎవ్వలికోసమమ్మా ఈ మల్లెలు?" అని అడిగిందట. నిజానికి అందులో విషమేమీ లేదేమో. ఇలాంటి మాటలు అనేవాళ్ళు చాలాసార్లు విషం పెట్టి అనరు, అదే వచ్చిన చిక్కు. మల్లె మాత్రం ఆ ఏడుతో ఆగిపోయింది. ఇదంతా అమ్మ చెప్పగా విన్నదే. అత్తమ్మ ఎన్నడూ నోరు విప్పలేదు.

పెద్దపల్లి స్టేషను కాజీపేట - బల్లార్షా లైను మీద ఉంది. ఆ రోజుల్లో రైల్వే క్వార్టర్లలో నాలుగు భాషల వాళ్ళు కాపురాలుండేవారు. అందులో నాగపూరు వైపు నుంచి వచ్చిన ఒక గార్డుగారి భార్య అత్తమ్మ చేత రవికెలు కుట్టించుకునేది. బదిలీ అయి వెళ్ళిపోతూ, కుట్టుకూలి మీద కాగితం పొట్లంలో కొన్ని నల్లటి గింజలు పెట్టి ఇచ్చిందట. అత్తమ్మ వాటిని కొంగున ముడివేసుకుని వచ్చింది. అక్కణ్ణుంచి ఆమె పోయేదాకా, 2018 దాకా, మా పెరటి బావి పక్క గోడ ఏ వానాకాలమూ బోసిగా లేదు.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు అడిగాను, "అత్తమ్మా, ఇది తలల పెట్టుకోవచ్చా?" అని.

"ఇది ఎవ్వల తలలకూ ఎక్కదు కోడలా. సూసెతందుకే పూస్తది," అంది, మిషను ఆపకుండానే.

'ఎవ్వల తలలకూ' అన్న ఆ మాట నాకు పెళ్ళయి, నలుగురిలో తాంబూలాలు అందుకోవడం మొదలుపెట్టాక అర్థమైంది. ఊళ్ళో అన్ని పూలూ ఆడవాళ్ళను రెండుగా విడదీస్తాయి, పెట్టుకునేవాళ్ళు, పెట్టుకోనివాళ్ళు అని. అలా విడదీయని పువ్వు ఒక్కటి వెతుక్కుని తెచ్చి ఆమె గోడకు పాకించింది. ఇన్ని నవలలు రాశాను గానీ ఏ ఒక్కదానిలోనూ అత్తమ్మను పెట్టలేదు. పెడితే పాఠకులను ఏడిపించే పాత్ర అయి కూర్చుంటుందని భయం. ఆమె ఏడ్చే మనిషి కాదు. రాజేశ్ ఖన్నా సినిమా వచ్చిందంటే మిషనుకు గుడ్డకప్పి మొదటి ఆటకే వెళ్ళేది.

ఈ తీగ పెంపకం కష్టమేమీ కాదు గానీ, దీనికి కొంచెం పంతం ఉంది. గింజ పైతొక్క మహా గట్టిది. గరుకు రాయిమీద ఒక పక్క కాస్త అరగదీసి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. "ఊకె ఏస్తే మట్టిల పండుకుంటది" అనేది అత్తమ్మ. మా వైపు రోహిణి కార్తె ఎండల్లో ఏ మొక్క పనీ పెట్టుకోకూడదు, తొలకరి పడనివ్వాలి. వారం లోపల రెండుగా చీలిన ఆకులతో, సీతాకోకచిలుక వాలినట్టు మొలక వస్తుంది. ఎరువు ఎక్కువ వేస్తే ఆకులే గుబురుగా పెరిగి పూలు రావు. దీన్ని మురిపెంగా పెంచితే చెడిపోతుంది. ఇంకో సంగతి, గింజలు పసిపిల్లల చేతికి అందనివ్వకండి. పాతకాలం వైద్యంలో విరేచనాలకు వాడినవే అయినా, అవి విషం.

ఇక దాని చుట్టు చుట్టుకోవడం చూడాలి. పైనుంచి చూస్తే ఎప్పుడూ అప్రదక్షిణంగానే తిరుగుతుంది. అన్నీ గుడిచుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణంగా జరగాలనే నాయనమ్మకు ఇది నచ్చేది కాదు. చిన్నప్పుడు నేను కూడా తీగ కొసను విప్పి, బుద్ధిగా కుడివైపు తిప్పి చుట్టేదాన్ని. మర్నాటికి విప్పుకుని మళ్ళీ తన తోవనే వెళ్ళేది. "దాని తొవ్వ దానిది, నువ్వు తిప్పితే తిరుగుతదా?" అని నవ్వేది అత్తమ్మ.

ఆమె మాకు చూపించే గారడీ మరొకటుండేది. నీలం పూలను గాజు గ్లాసులో నీళ్ళు పోసి పిసికేది. నీళ్ళు నీలమయ్యేవి. అందులో నాలుగు చుక్కలు చింతపండు రసం వేస్తే గులాబీ రంగు! తమలపాకు సున్నం తేట వేస్తే ఆకుపచ్చ! పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే ఇదీను. తీగ మీద కూడా ఇదే జరుగుతుంది. మొగ్గ ఊదారంగులో ఉంటుంది, విచ్చుకునేటప్పుడు రేకుల్లోని రసంలో పులుపు తగ్గి నీలమవుతుంది. ఆ సంగతిని జపాను శాస్త్రజ్ఞులు 1995లో రేకుల కణాల్లో కొలిచి మరీ తేల్చారు. వెలిసిన నేతచీర కట్టుకుని, మూడు గ్లాసుల్లో మూడు రంగులు పట్టుకుని మా పిల్లమూక మధ్య నిలబడ్డ అత్తమ్మకు ఆ లెక్కలు తెలియవు. రంగులు మాత్రం బాగా తెలుసు.

జపాను మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అక్కడ దీని పేరు అసగావో, అంటే ఉదయపు ముఖం. చైనానుంచి మందుగింజగా వెళ్ళిన దాన్ని వాళ్ళు వందల ఏళ్ళపాటు ముద్దుచేసి, చీలిన రేకులవీ, మెలితిరిగినవీ ఎన్నో రకాలు తీశారు. ఒకటో తరగతి పిల్లలు బడిలో తలా ఒక కుండీలో దీన్ని పెంచుతారు. టోక్యోలో ఇరియా అనే పేటలో ఏటా జూలై మొదట్లో మూడు రోజులు ఈ కుండీల సంత జరుగుతుంది. తెల్లవారేసరికే జనం వస్తారట. మరి ఆలస్యమైతే చూడ్డానికేముంటుంది? అది చదివినప్పుడు, పెరట్లో బావి పక్కన పొద్దున్నే గ్లాసెడు టీ పట్టుకుని ఒంటరిగా నిలబడే అత్తమ్మ గుర్తొచ్చింది. ఆ సంతలో ఆమెను ఎవరూ "ఎవ్వలికోసమమ్మా" అని అడిగేవారు కాదు.

2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా అయింది. ఊళ్ళో గజం ధరలు పెరిగాయి. అత్తమ్మ పోయిన మరుసటేడు అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకుని పాత ఇల్లు అమ్మేశారు. తప్పని నేను అనను. ఆ ఇంటి కప్పు కురుస్తుంది, చూసుకునే మనిషి లేదు. ఆమె మిషను మా అన్నయ్య తీసుకెళ్ళాడు. నేను మాత్రం బావి పక్క ఎండిపోయిన తీగనుంచి కాయలు కోసుకుని, పాత హార్లిక్స్ సీసాలో పోసుకుని తెచ్చుకున్నాను. మా డాబా మీద మొదటి ఏడు ఆకులు తప్ప ఏమీ రాలేదు. తరువాత తెలిసింది, ఈ తీగ పగటిని కాదు, రాత్రిని లెక్కపెడుతుందని. చీకటి సరిపడా పొడుగుంటేనే మొగ్గ తొడుగుతుంది. దీని జాతిలో ఒక రకం లేతమొలకను ఒక్క పొడుగాటి రాత్రి చీకట్లో ఉంచితే చాలు, పూతకు సిద్ధమైపోతుందట. మా వీధిదీపం రాత్రంతా దానిమీదే పడుతోంది! కుండీని నీళ్ళ ట్యాంకు చాటుకు జరిపాను. రాత్రులు పెరిగే కొద్దీ, భాద్రపదం వచ్చేసరికి గోడంతా నీలమైపోయింది.

భాద్రపదం చివర పెత్రమాస. పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినవాళ్ళు, సాయంత్రం పూలు. నాన్న ఉన్నంతకాలం చెల్లెలి కంటే ముందే తాను పోతానని చెప్పేవాడు, అలాగే పోయాడు. ఇక ఆమె పేర బియ్యం ఎవరిస్తారు? నేనే ఇస్తానన్నాను. పంతులుగారు గోత్రం అడిగారు. మా గోత్రం చెప్పడానికి లేదు, పెళ్ళయిన మనిషి. మూడేళ్ళ కాపురం చేసిన ఆ ఇంటి గోత్రం మా వాళ్ళలో ఒక్కరికీ గుర్తులేదు. పంతులుగారు పెద్దమనిషి, ఒక్క క్షణం ఆగి పేరు మాత్రం చెప్పమన్నారు. బియ్యం, గుమ్మడికాయ, పప్పు, బెల్లం ఇచ్చాను. పటానికి దండ వేయలేదు. ఆమె గ్లాసు లాంటి గ్లాసులో నీళ్ళు పోసి పొద్దుగాల పూలు నాలుగు వేసి పటం ముందు పెట్టాను. పంతులుగారు వెళ్ళేసరికి అవి ముడుచుకున్నాయి. సాయంత్రం బతుకమ్మలో నీలానికి కట్లపూలే పెట్టుకున్నాం.

మా చిన్న చెల్లెలు బడిపంతులమ్మ. మాకు రెండు వీధుల అవతలే ఉంటుంది. 2021 మేలో, ఆ రెండో విడత కరోనాలో, మరిదిగారు పోయారు. కాలం మారిందంటారు. మారింది, కాదనను. దాని బొట్టు ఎవరూ తీయలేదు, చీరలు రంగులవే కడుతుంది. కానీ పోయిన మాఘంలో మా బంధువులింటి పెళ్ళిలో పూల పళ్ళెం పట్టుకుని వరసగా వస్తున్న అమ్మాయి, దాని దగ్గరికి వచ్చేసరికి ఒక్క అడుగు పెద్దది వేసింది. ఇరవై ఏళ్ళ పిల్ల. ఎవరు నేర్పారో! చెల్లెలు పక్కనున్న పసివాడి చెప్పు పట్టీ సరిచేస్తున్నట్టు వంగింది. నేను చూశానని దానికి తెలుసు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఈ ఏడు వానాకాలంలో ఒక పొద్దున, బడికి వెళ్తూ టీకి ఆగింది. డాబా మీదికి వచ్చి ట్యాంకు పక్క చాలాసేపు నిలబడింది. ఆరోజు నలభై దాకా పూసి ఉన్నాయి.

"అక్కా, ఒకటి తెంపుకోనా?" అంది.

"తెంపుకో. కానీ ఆగదే అది."

ఒకటి తెంపి, చెవి పక్కన జుట్టులోకి దోపి, హెయిర్‌పిన్నుతో బిగించింది. నీళ్ళ ట్యాంకు స్టీలు మూతలో మొహం చూసుకుంది.

"బడి గేటు దాకన్న ఉంటదా?"

"ఉండదేమో. చౌరస్తా దాకా ఉంటుంది."

"సాలు తియ్," అని మెట్లు దిగింది. కింద స్కూటీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. హెల్మెట్ తలకు పెట్టుకోకుండా హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్తోంది. కేకేసి చెప్పబోయి ఊరుకున్నాను. మలుపు తిరిగేదాకా నీలం కనిపిస్తూనే ఉంది.