గ్రహణం రాత్రి ఒక గ్లాసు నీళ్లు

2025 సెప్టెంబర్ 7, ఆదివారం. రాత్రికి సంపూర్ణ చంద్రగ్రహణం. మా తోటికోడలికి ఏడో నెల. మధ్యాహ్నం నుంచే అత్తమ్మది ఒకటే మాట: “కదలొద్దు, ఏం ముట్టొద్దు. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తది.”

పాప కడుపులో ఉన్నప్పుడు నేనూ అట్లాగే పడుకున్నాను. గొంతెండినా నీళ్లడగలేదు.

ఇప్పుడు మా ఇబ్రహీంపట్నంలో, పనులయ్యాక నలుగురం ఆడవాళ్లం వాకిట్లో కూర్చుని పాప తెచ్చే ‘చెకుముకి’ చదువుతాం. జన విజ్ఞాన వేదిక వాళ్లు పిల్లల కోసం వేసే సైన్సు పత్రిక అది. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లం అడ్డం పడతాం. వాదించుకోకపోతే మాకు చదివినట్టే ఉండదు. అట్లా ఒకరోజు మొర్రి మాట వచ్చింది. తెలిసిన నర్సునడిగి తేల్చుకున్నాం. బిడ్డ పెదవి ఏర్పడేది గర్భం 4 నుంచి 7 వారాల మధ్యే. నెల తప్పిన సంగతి తెలిసీ తెలియని రోజులవి. ఏడో నెలలో గ్రహణం దాన్నేం చేస్తుంది?

అత్తమ్మకు అదే చెప్పాను.

“మరి మా అక్క కొడుక్కెందుకొచ్చింది?” అన్నది. గ్రహణం పూట కత్తిపీట ముట్టిందని ఆ పెద్దమ్మ బతికినన్నాళ్లూ మాటలు పడింది.

“ఆమె తప్పేం లేదత్తమ్మా.”

చాలాసేపు మాట్లాడలేదు.

పదకొండు దాటాక, మబ్బు సందులోంచి ఎర్రటి చంద్రుడు. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్లే సూర్యకాంతిలో ఎరుపే ఎక్కువగా అక్కడిదాకా చేరుతుంది. తోటికోడలికి నీళ్లిచ్చాను. అత్తమ్మ చూసింది. వద్దనలేదు.

“అక్క ఉన్నప్పుడు ఎవరన్నా ఈ మాట చెప్పుంటే బాగుండు” అన్నది.