ముక్కు ఖాళీగా ఉంటే మంచిదేగా?

ముక్కు దిబ్బడేస్తే ఊపిరాడదు. ఇది అందరికీ తెలుసు. ముక్కు మరీ తెరుచుకున్నా కొందరికి ఊపిరాడదు. ఇది నాకు మొన్నమొన్నటి దాకా తెలీదు.

ముక్కు లోపల పక్కగోడల మీద టర్బినేట్లని మెత్తటి మడతలుంటాయి. పీల్చిన గాలిని వెచ్చచేసి, తడిచేసి ఊపిరితిత్తులకి పంపేది అవే. సర్జరీలో వాటిని మరీ ఎక్కువ కోసేస్తే కొందరికి వచ్చేదే ఎంప్టీ నోస్ సిండ్రోమ్. 1994లో అమెరికాలోని మాయో క్లినిక్ డాక్టర్లు పెట్టిన పేరిది. స్కాన్‌లో దారి బార్లా తెరిచే ఉంటుంది. మనిషికి మాత్రం ఊపిరి అందుతున్నట్టుండదు!

ఎలాగంటే, గాలి లోపలికి వెళ్తోందని మెదడుకి తెలిసేది ముఖ్యంగా ముక్కు పొరకి తగిలే చల్లదనం వల్లే. మెంథాల్ బిళ్ళ చప్పరిస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది కదా, నిజానికి దారేం పెరగదు. చల్లదనాన్ని పట్టే నరాలు మేలుకుంటాయంతే. ఆ పొరే తగ్గిపోతే? మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ వస్తోంది, సెన్సర్ లేదు.

ఈ గొడవంతా నాకెందుకంటే, ఇంటర్ నుంచీ నాది దిబ్బడ ముక్కే. టర్బినేట్లు వాచాయని, అవసరమైతే సర్జరీతో తగ్గించొచ్చని డాక్టర్ అన్నారు. అమ్మ "సెలవుల్లో చేయించేద్దాం రా" అంది. "ఎంత తీస్తారు సార్?" అని అడిగా. "తీసెయ్యనయ్యా, పై పొర ఉంచి లోపల తగ్గిస్తాను. ముందు స్ప్రే వాడు" అన్నారు. ఇలా జాగ్రత్తగా చేస్తే చాలామందికి మేలే జరుగుతుంది. ఇంకా నిర్ణయించుకోలేదు.

సమస్య వచ్చినవాళ్ళకి నిద్ర ఉండదు, పని మీద ధ్యాస నిలవదు. ఆందోళన, డిప్రెషన్ కూడా ఎక్కువే. రిపోర్టులు బాగున్నాయి కాబట్టి "అంతా నీ భ్రమ" అంటారు. ఇప్పుడు దీనికి ఆరు ప్రశ్నల ఫారం ఉంది. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. 30కి 11 గానీ, ఆపైన గానీ వస్తే అనుమానించాలి. తర్వాత టర్బినేట్ పోయిన చోట కాసేపు దూది పెట్టి చూస్తారు. హాయిగా అనిపిస్తే, అక్కడ పొర కింద పక్కటెముక మృదులాస్థి లాంటిది పెట్టి ఎత్తు చేస్తారు. దాంతో గాలి నడిచే తీరు మారుతుంది. ఈ సర్జరీ తర్వాత చాలామందికి బాధ, దిగులు రెండూ తగ్గాయి. కానీ తిరిగొచ్చేది ఆకారమే. పోయిన పొరకి అన్‌డూ లేదు.

స్కాన్ పట్టుకోలేనిదాన్ని ఆరు ప్రశ్నలు పట్టుకున్నాయి. మీ రూమ్మేట్ ఎవరైనా "రిపోర్ట్ నార్మలే, అయినా బాలేదురా" అంటే, ఇంకో రెండు ప్రశ్నలు అడగండి.